కాకినాడ తీరంలో వలస తీరపక్షులు, టెర్న్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా శ్రావణం ముగిసి భాద్రపదం వచ్చేసరికి, కాకినాడ తీరానికి పక్షులను చూడటానికి వస్తామనే వారి నుంచి ఇంచుమించు ఒకే రకమైన సందేహాలు వస్తుంటాయి. ఎప్పుడు రావాలి, ఎక్కడ నిలబడాలి, దూరాన బూడిదరంగు చుక్కల్లా కదిలే ఆ పిట్టలను ఎలా విడదీసి చూడాలి అని అడిగిన ప్రతివారికీ విడిగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇలాంటి తీరపక్షులకు ఉల్లంకి పిట్ట అనే మాట తెలుగులో పాతదే అయినా, ఒక్కొక్క జాతికీ స్థిరపడిన తెలుగు పేరు లేదు. అందుకే పక్షులను చూసేవారు మాట్లాడుకునేటప్పుడు వాడే ఇంగ్లీషు పేర్లనే తెలుగు లిపిలో వాడాను.

## బయలుదేరే ముందు

ఆగస్టు మనకు వానాకాలం కదా, వీటిని వేసవి చివరి పక్షులు అని ఎందుకంటారు?

ఇక్కడ వేసవి అంటే ఆ పక్షుల వేసవి. సైబీరియా ఉత్తర కొసన ఉన్న టుండ్రాలో మంచు కరిగి, పురుగులు పుట్టి, పిల్లలను పెంచుకోవడానికి వీలయ్యేది జూన్, జులై నెలల్లో మాత్రమే. జులై సగం గడిచేసరికి వయసొచ్చిన పెద్ద పక్షులు దక్షిణానికి బయలుదేరతాయి. మన తీరంలో ముందుగా దిగే శాండ్ ప్లోవర్‌లు అనే చిన్న తీరపక్షులు అంత దూరం నుంచి కూడా రావు; అవి గూడు పెట్టేది టిబెట్ పీఠభూమిలోనూ, మన లడఖ్‌లోనూ. ఆగస్టు మొదటి పక్షంలోనే అవి కాకినాడ బురద మీద కనిపిస్తాయి. మనం వరినాట్లు వేసే రోజుల్లో వాటికి వేసవి సెలవులు అయిపోయినట్టే లెక్క.

వలస పక్షులు చలికాలంలో వస్తాయని చదివాం. డిసెంబరులో వస్తే ఇంకా ఎక్కువ కనిపించవా?

సంఖ్య మాత్రమే చూస్తే డిసెంబరు, జనవరి నెలలే మేలు. అయితే అప్పటికి చాలా జాతులు వెలిసిపోయిన బూడిదరంగులోకి మారిపోయి ఉంటాయి. ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు చివరి వరకు వస్తే, జతకట్టే కాలపు ఎర్ర, నలుపు రంగులు ఇంకా వదలని పెద్ద పక్షులు, కొత్త ఈకలతో శుభ్రంగా ఉండే ఈ ఏటి పిల్లలు, సగం రంగు మారినవి ఒకే గుంపులో కనిపిస్తాయి. కొన్ని ఇక్కడ నాలుగు రోజులు మేసి ఇంకా దక్షిణానికి వెళ్లిపోతాయి కాబట్టి, వారం తేడాతో రెండుసార్లు వచ్చినా అవే పక్షులు ఉండకపోవచ్చు. ఒక్కసారే రాగలిగితే నేను సెప్టెంబరు మొదటి సగాన్నే ఎంచుకుంటాను.

ఇన్ని తీరాలు ఉండగా కాకినాడే ఎందుకు?

గోదావరి తెచ్చే ఒండ్రు వల్ల. గౌతమి పాయ సముద్రంలో కలిసే చోట నుంచి ఉత్తరంగా హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ సుమారు 16 కి.మీ. పొడవున చేయి చాచినట్టు పెరిగి, బంగాళాఖాతపు అలలను అడ్డుకుంటుంది. ఆ చేతికీ ప్రధాన తీరానికీ మధ్య ఉన్న కాకినాడ అఖాతంలో నీరు లోతు తక్కువ, అలజడి తక్కువ. నది తెచ్చిన మెత్తని బురద అక్కడే పేరుకుంటుంది. ఆ బురదలో పురుగులు, గుల్లలు, చిన్న పీతలు పుష్కలంగా ఉంటాయి. దక్షిణ అంచున 1978లో ప్రకటించిన కోరింగ అభయారణ్యం ఉంది. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కి.మీ. బురద, మడ అడవి, ఇసుక, ఉప్పు మడులు ఇంత దగ్గర దగ్గరగా ఉండటం వల్ల ఒక్క రోజులోనే తడి నేల పక్షులను, అలల అంచున తిరిగే పక్షులను, నీటి మీద ఎగురుతూ వేటాడే టెర్న్‌లను చూడగలుగుతాం.

రైలులో వచ్చేవారికి సామర్లకోట జంక్షన్ నుంచి కాకినాడ సుమారు 15 కి.మీ. కాకినాడ నుంచి యానాం దారిలో కోరింగ సుమారు 20 కి.మీ.

పోటు (సముద్రపు నీరు ఎక్కడం), పాటు (దిగడం) వేళలు ఎలా లెక్కపెట్టుకోవాలి? వాటిని బట్టే రావాలా?

వాటిని బట్టే రావాలి. తెల్లవారుజామునే లేవడం వల్ల పక్షులు కనిపిస్తాయన్న నియమం అడవికి చెల్లుతుంది గాని ఈ తీరానికి చెల్లదు. నీరు వెనక్కి తగ్గి బురద బయటపడినప్పుడు ఈ పక్షులు మేస్తాయి, అది పగలైనా రాత్రయినా సరే. పోటులో బురద మునిగిపోయినప్పుడు ఎత్తైన ఇసుక తిప్పల మీదో ఉప్పు మడుల గట్ల మీదో గుంపుగా చేరి విశ్రమిస్తాయి. కాకినాడ అఖాతం వాలు చాలా తక్కువ కనుక నీటిమట్టం మీటరు పైచిలుకు తగ్గినా చాలు, నీటి అంచు వందల మీటర్ల దూరం వెళ్లిపోతుంది. పూర్తి పాటు వేళ వచ్చినవారికి పక్షులు దూరాన ఆవగింజల్లా కనిపిస్తాయి; నిండు పోటు వేళ వచ్చినవారికి అసలు బురదే కనిపించదు. నిండు పోటుకు సుమారు మూడు గంటల ముందు వచ్చి ఒడ్డున కదలకుండా కూర్చుంటే, పెరిగే నీరు పక్షులను మెల్లమెల్లగా మీ ముందుకు తెస్తుంది. మీరు వాటి దగ్గరకు వెళ్లవలసిన పనే ఉండదు.

రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు ఉంటాయి. ఈ రోజు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి దాటిన రోజుల్లో ఆ తేడా తక్కువ. కచ్చితమైన వేళలను హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల కేంద్రం) సంస్థ అంచనాల్లో కాకినాడ పేరు మీద చూసుకోవచ్చు. తీరానికి చేరాక మరో మార్గం ఉంది. వల బాగుచేసుకుంటున్న పెద్దాయనను, "బాబాయ్, పాటు ఎప్పుడు తిరుగుతుంది?" అని అడిగితే, తిథిని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేస్తారు. వారి లెక్క ఫోనులో చూసిన వేళకు పావుగంట అటూ ఇటూగా సరిపోవడం నేను చాలాసార్లు గమనించాను.

ఉదయం మంచిదా, మధ్యాహ్నం మంచిదా?

కాకినాడ వైపు ఒడ్డు నుంచి అఖాతాన్ని చూస్తే మీ ముఖం తూర్పుకు ఉంటుంది. ఉదయం ఎండ ఎదురుగా పడి పక్షులన్నీ నల్లని నీడల్లా కనిపిస్తాయి, కాళ్ల రంగు ఎంతకీ తెలియదు. మధ్యాహ్నం మూడు గంటలు దాటాక వెలుతురు మీ వీపు వెనుక నుంచి పడుతుంది. అందువల్ల సాయంత్రం ఐదు, ఆరు గంటల ప్రాంతంలో నిండు పోటు ఉన్న రోజును క్యాలెండరులో వెతికి పెట్టుకోవడం ఉత్తమం. అలాంటి రోజులు పక్షానికి మూడో నాలుగో దొరుకుతాయి.

ఏ బైనాక్యులర్ కొనాలి? స్కోప్ లేకపోతే దండగేనా?

8×42 (ఎనిమిది రెట్లు చూపే, 42 మి.మీ. అద్దాలున్న) బైనాక్యులర్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. పది రెట్లు చూపేది కొంటే చేతి వణుకు కూడా అన్ని రెట్లు కనిపిస్తుంది. ట్రైపాడ్ మీద 20 నుంచి 60 రెట్లు చూపే స్కోప్ ఉంటే తీరపక్షుల విషయంలో ఎంతో తేడా ఉంటుంది, ఇది నిజం. కాని మధ్యాహ్నపు ఆవిరి తెరలో 60 రెట్లు పెంచినా బురద మీద పక్షి అలల్లా వణుకుతూ కనిపించడం తప్ప లాభం ఉండదు. నలుగురు కలిసి వస్తే ఒక స్కోప్ చాలు. స్కోప్ కోసం ఆగి ఏడాది యాత్ర మానుకోవద్దు, పోటు వేళ సరిగ్గా ఎంచుకుంటే చాలా పక్షులు బైనాక్యులర్ అందే దూరానికే వస్తాయి.

వాన పడితే?

చినుకులకు పక్షులు ఆగవు, మీరూ ఆగనక్కరలేదు. ఉరుము వినిపిస్తే మాత్రం వెంటనే తీరం వదలాలి. చదునైన బురద నేల మీద ట్రైపాడ్ పట్టుకొని నిలబడిన మనిషే అక్కడ ఎత్తైన వస్తువు.

ఏం తెచ్చుకోవాలి?

టోపీ, మనిషికి రెండు లీటర్ల నీరు, తడిసినా బాధ లేని చెప్పులు, లెన్సు తుడుచుకునే మెత్తని గుడ్డ, చిన్న పుస్తకం, పెన్సిలు. ఉప్పుగాలి వల్ల అద్దం మీద గంటలోపే పొర కడుతుంది.

## తీరం మీద

నగరంలోనే చూడగలిగే చోటు ఏదైనా ఉందా?

కుంభాభిషేకం ప్రాంతం. పడవలు, వలలు, ఎండబెట్టిన చేపలు, పిల్లల ఆటలు అన్నీ ఉండే మత్స్యకారుల తీరం అది. దాని ఎదురుగా ఉన్న బురదలోనే అరుదైన తీరపక్షులు మేస్తుంటాయి. అక్కడివారికి అది పని చేసుకునే చోటు, పార్కు కాదు. వలలు తొక్కకుండా, ఎండబెట్టిన చేపల మధ్యగా నడవకుండా, మనుషుల ఫొటోలు అడగకుండా తీయకుండా ఉంటే, ఏ మూల ఏ పిట్టలు దిగాయో వారే పిలిచి చూపిస్తారు. ఇసుక మీద పరుగులు తీసే పక్షుల కోసం అయితే ఉప్పాడ వైపు తీరం చూడండి.

బురదలోకి దిగి దగ్గరకు వెళ్లవచ్చా?

వద్దు. మొదటి ఏడాది నేను దిగాను. పైన ఎండి పగుళ్లు వారినట్టు కనిపించిన నేల పది అడుగులు వేసేసరికి మోకాలి దాకా మింగింది. ఒక కాలు లాగబోతే రెండోది ఇంకా లోతుకు దిగింది, లోపల ఉన్న ఆలుచిప్ప గీసి అరికాలు తెగింది. పీతల కోసం వచ్చిన ఒకాయన చెక్కపలక వేసి, దాని మీద బోర్లా పడుకోమని చెప్పి, నన్ను బయటకు లాగారు. అప్పటికి పోటు తిరిగి నీరు నా వెనక కాలువలోకి ఎక్కుతోంది. నేను చూడాలనుకున్న పక్షులు ఎప్పుడో లేచి వెళ్లిపోయాయి. ఈ బురదలో నడవడం పుట్టినప్పటి నుంచి తెలిసినవారి పని. చూసేవారు గట్టి నేల వదలకూడదు.

ఎంత దగ్గరకు వెళితే వాటికి ఇబ్బంది కలుగుతుంది?

మీటర్లలో ఒకే కొలత చెప్పలేం, వాటి ఒంటి తీరు చూసి తెలుసుకోవాలి. ముక్కు వీపు ఈకల్లో దాచుకొని ఒంటికాలి మీద నిలబడిన పక్షులు తల బయటకు తీస్తే, మీ రాక వాటికి తెలిసిందని అర్థం. ఈకలు సవరించుకోవడం ఆపి మెడలు నిక్కించి ఒకే దిక్కుకు మెల్లగా నడవడం మొదలుపెడితే, మీరు అప్పటికే ఎక్కువ దగ్గరకు వచ్చారు. అక్కడే ఆగి, రెండు మూడు అడుగులు వెనక్కి వేసి కూర్చోవాలి.

ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పే మాట కాదు. లిటిల్ స్టింట్ అనే చిన్న తీరపక్షి బరువు పాతిక గ్రాముల దగ్గర ఉంటుంది, కర్లూ శాండ్‌పైపర్ 60 గ్రాములకు అటూ ఇటూ. వేల కిలోమీటర్లు ఎగిరి, ఒంట్లో కొవ్వు కరిగించుకొని వచ్చిన ఆ పిట్టకు పోటు వేళ దొరికే మూడు నాలుగు గంటలే విశ్రాంతి. ఆ సమయంలో బురద మునిగి ఉంటుంది కాబట్టి, గాలిలో ఖర్చయిన శక్తిని వెంటనే తిని పూడ్చుకోవడానికి కూడా వీలుండదు. ఎగిరే గుంపు ఫొటో కోసం చప్పట్లు కొట్టేవారిని, రాయి విసిరేవారిని నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి, చేసేవారిని చూస్తే నెమ్మదిగా కారణం చెప్పి ఆపండి.

కోరింగ చెక్క వంతెన మీద నడిస్తే ఈ పక్షులు కనిపిస్తాయా?

చాలా తక్కువ. ఆ దారి మడ చెట్ల నడుమ సాగుతుంది; అక్కడ లకుముకి పిట్టలు, కొంగలు, బురద మీద గెంతే చేపలు, ఎర్రని పీతలు బాగుంటాయి. పోటు కోసం ఆగే మధ్యాహ్నపు గంటలను నీడలో గడపడానికి అది మంచి చోటు.

హోప్ ఐలాండ్‌కు పడవలో వెళితే మేలా?

అటవీశాఖను ముందుగా అడిగి, అనుమతి ఉంటేనే వెళ్లాలి. ఈ నెలల్లో సముద్రం ఎప్పుడు పొంగుతుందో తెలియదు కనుక సరంగు వద్దన్న రోజున బతిమాలవద్దు. మొదటిసారి వచ్చేవారికి ఒడ్డు నుంచే నేర్చుకోవలసినంత ఉంది.

## తీరపక్షులను గుర్తుపట్టడం

అన్నీ బూడిదరంగులో ఒకేలా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక్క జాతిని పూర్తిగా నేర్చుకోవడంతో. అందుకు కామన్ రెడ్‌షాంక్ సరైనది: నారింజ ఎరుపు కాళ్లు, ఎగిరితే రెక్కల వెనుక అంచున వెడల్పాటి తెల్లని పట్టీ, ఎవరు కదిలినా ముందుగా అరిచే గొంతు. అది మీ కొలబద్ద అవుతుంది. తరువాత కనిపించే ప్రతి పక్షినీ దానితో పోల్చండి: దానికంటే పెద్దదా చిన్నదా, ముక్కు దానికంటే పొడవా, నిటారుగా ఉందా, కిందికి వంగిందా, పైకి లేచిందా, కాళ్లు ఏ రంగు. ఈకల రంగును చివరికి వదిలేయండి, ఎందుకంటే ఈ రెండు నెలల్లో రోజురోజుకూ మారేది అదే.

ప్లోవర్‌కూ శాండ్‌పైపర్‌కూ తేడా దూరం నుంచి తెలుస్తుందా?

నడక చూస్తే తెలుస్తుంది. ప్లోవర్ పెద్ద కళ్లతో వెతికి తింటుంది: నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, చూసి, ఒక్కసారి పొడిచి, మళ్లీ పరుగెడుతుంది. శాండ్‌పైపర్‌లలో చాలా వాటికి పొడవాటి ముక్కే చేతివేలు. తల వంచుకొని నడుస్తూనే కుట్టు మిషను సూదిలా బురదను వరుసగా పొడుచుకుంటూ పోతాయి.

లెస్సర్ శాండ్ ప్లోవర్ పేరు మారిందట కదా? గ్రేటర్‌తో తేడా ఎలా చెప్పాలి?

ఒకే జాతిగా చూసిన లెస్సర్ శాండ్ ప్లోవర్‌ను ఇటీవలి సంవత్సరాలలో సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడదీశారు. మన తీరంలో చూసేవి ప్రధానంగా టిబెటన్ శాండ్ ప్లోవర్‌లు. గ్రేటర్ శాండ్ ప్లోవర్ ముక్కు ఇంకా పొడవుగా, బరువుగా ఉంటుంది, కాళ్లు పొడవుగా, రంగు వెలిసినట్టుగా ఉంటాయి, ఎగిరినప్పుడు పాదాలు తోక దాటి కనిపిస్తాయి. రెండూ పక్కపక్కన నిలబడితే సులువే. ఒంటరిగా దూరాన ఉన్నదాన్ని చూసి పందెం కట్టడం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు, ఎందుకంటే టిబెటన్ ముక్కు కూడా మనం అనుకున్నంత పొట్టిది కాదు.

కర్లూ శాండ్‌పైపర్‌లలో కొన్ని ఇటుక ఎరుపులో, కొన్ని తెల్లగా ఉన్నాయి. ఇవి వేర్వేరు జాతులా?

ఒకే జాతి, వేర్వేరు వయసులు. ముక్కు చివర కిందికి వంగి, ఎగిరితే తోక మొదట తెల్లగా కనిపిస్తే అది కర్లూ శాండ్‌పైపరే. ఆగస్టులో ముందుగా వచ్చేవాటిలో మగవి ఎక్కువ. ఈ జాతిలో మగది గుడ్లు పొదగదు, జత కట్టిన కొద్ది వారాలకే టుండ్రా వదిలేస్తుంది. వెనుక ఆడవి వస్తాయి, ఇంకా నాలుగైదు వారాలకు పిల్లలు. పెద్ద పక్షుల ఎరుపు ముక్కలు ముక్కలుగా రాలిపోతూ, పాత గోడకు సున్నం పెచ్చులూడినట్టు ఉంటుంది. రెక్క ఈకలు అరిగి చివరలు చిరిగి ఉంటాయి. పిల్లల వీపు మీద ప్రతి ఈకకూ సన్నని లేత అంచు ఉండి, చేప పొలుసులు పేర్చినట్టు తీరుగా ఉంటుంది, రొమ్ము మీద లేత పసుపు వన్నె.

పిల్లలు తల్లిదండ్రులు లేకుండా దారి ఎలా కనుక్కుంటాయి?

ఏ దిక్కుకు, ఎంత కాలం ఎగరాలన్నది వాటికి పుట్టుకతోనే వస్తుంది. సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత క్షేత్రం వాటికి దిక్సూచి. 2022 అక్టోబరులో సుమారు ఐదు నెలల వయసున్న బార్-టెయిల్డ్ గాడ్‌విట్ అనే తీరపక్షి ఒకటి అలాస్కా నుంచి టాస్మానియాకు 11 రోజుల్లో 13,560 కి.మీ. ఆగకుండా ఎగిరినట్టు దాని ఒంటి మీది ట్రాన్స్‌మిటర్ చూపింది. సెప్టెంబరులో మీ ముందు బురద పొడుస్తున్న పొలుసుల వీపు పిట్ట కూడా జీవితంలో మొదటిసారి ఈ సముద్రాన్ని చూస్తోంది.

గ్రేట్ నాట్ నిజంగా ఇక్కడ దొరుకుతుందా?

కనిపిస్తుంది, చాలామంది కాకినాడకు వచ్చేదే దాని కోసం. రెడ్‌షాంక్ కంటే బొద్దుగా, పొట్టి కాళ్లతో, తలకంటే పొడవైన నల్లని ముక్కుతో ఉంటుంది. సీజను మొదట్లో రొమ్ము మీద దట్టమైన నల్ల చుక్కలు ఉంటాయి. గాడ్‌విట్‌ల గుంపులో పొట్టిగా, బరువుగా కదిలే వాటిని వెతకండి. దీనిని అంతర్జాతీయంగా అపాయంలో ఉన్న జాతిగా పరిగణిస్తున్నారు. దక్షిణ కొరియాలో సెమాంగియం దగ్గర 2006లో సుమారు 33 కి.మీ. పొడవైన సముద్రపు గోడ నదీముఖాన్ని మూసేసి, వలస దారిలో ఇవి ఆగి మేసే విశాలమైన బురద నేల పోవడం ఈ జాతిని తీవ్రంగా దెబ్బ తీసింది. ఇంత దూరాన ఉన్న మన బురద విలువ నాకు అర్థమైంది ఆ సంగతి తెలిశాకనే.

కొత్తవాళ్లు ఏ ఒక్క పక్షిని తప్పక చూడాలి?

టెరెక్ శాండ్‌పైపర్. పైకి వంగిన పొడవాటి ముక్కు, పసుపు నారింజ రంగు పొట్టి కాళ్లు. తల ముందుకు వాల్చి, తూలి పడిపోతుందేమో అన్నట్టు బురద మీద పరుగెడుతుంది. ఒక సాయంత్రం ఒడ్డుకు పాతిక అడుగుల దూరంలో ఒక టెరెక్ చిన్న పీతను బొరియ నోటి దగ్గరే పట్టింది. దాన్ని విదిలించి, ఒక కాలు ఊడాక, మింగకుండా పక్కనున్న నీటి గుంట దాకా పరుగెత్తి, ముంచి, కడిగి, అప్పుడు మింగింది. మళ్లీ ఇంకో పీత, మళ్లీ అదే గుంట. పక్కనున్న శాండ్ ప్లోవర్‌లు ఏవీ అలా కడగలేదు.

## టెర్న్‌లు

టెర్న్‌కూ గల్‌కూ తేడా ఏమిటి?

టెర్న్ రెక్కలు సన్నగా, మొన తేలి ఉంటాయి. తోక చీలి ఉంటుంది. ఎగురుతూ ముక్కు కిందికి దించి నీటిని చూస్తుంది. గల్‌లు ఒళ్లు బరువుగా, రెక్కలు వెడల్పుగా ఉంటాయి, నీటి మీద తాపీగా తేలుతూ కూర్చుంటాయి. పైగా మన తీరానికి గల్‌లు గుంపులుగా వచ్చేది అక్టోబరు తరువాతనే.

ముక్కు రంగు చూసి టెర్న్‌ను చెప్పేయవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు, పరిమాణం కూడా కలిపి చూస్తే. దుక్కలాంటి ఎర్రని ముక్కు, కాకిని మించిన ఒళ్లు ఉంటే కాస్పియన్ టెర్న్, టెర్న్‌లన్నిటిలో పెద్దది. పసుపు ముక్కు, తల వెనుక చింపిరి జుట్టు ఉంటే గ్రేటర్ క్రెస్టెడ్. అలాంటిదే కొంచెం చిన్నగా, నారింజ ముక్కుతో ఉంటే లెస్సర్ క్రెస్టెడ్. నల్లని ముక్కు కొసన మాత్రం పసుపు అద్దినట్టుంటే శాండ్‌విచ్ టెర్న్. పొట్టి, లావు, పూర్తిగా నలుపు అయితే గల్-బిల్డ్. నదీముఖాల దగ్గర పసుపు ముక్కుతో కనిపించే రివర్ టెర్న్ వలస పక్షి కాదు, మన నదుల ఇసుక తిప్పల మీదే గుడ్లు పెడుతుంది. అన్నిటికంటే చిన్నదైన లిటిల్ టెర్న్ ముక్కు వేసవిలో పసుపుగా ఉండి ఈ రోజుల్లో నల్లబడుతూ ఉంటుంది కాబట్టి, దాని విషయంలో ముక్కును నమ్మకుండా చిన్న ఒంటిని, గబగబా కొట్టే రెక్కలను చూడండి.

టెర్న్ అంటే నీటిలోకి దూకుతుందన్నారు. ఇది బురద మీదే తిరుగుతోందేమిటి?

అది గల్-బిల్డ్ టెర్న్. అది దూకడం తక్కువ. బురదకు మీటరు ఎత్తులో గాలికి ఎదురుగా నెమ్మదిగా ఎగురుతూ, బొరియ బయటికి వచ్చిన పీతను కాలు నేలకు ఆనకుండానే ముక్కుతో అందుకొని పైకి లేస్తుంది. రొయ్యల చెరువుల గట్ల మీద మిడతలను కూడా ఇలాగే పట్టుకుంటుంది.

తల నల్లగా ఉండాలి కదా, సగం తెల్లగా ఉందేమిటి?

జతకట్టే కాలం ముగిశాక నుదుటి దగ్గర మొదలై నల్ల ఈకలు రాలిపోయి తెల్లవి వస్తాయి. సెప్టెంబరులో ఒకే గుంపులో నిండు నల్లతల, మచ్చల తల, కంటి వెనుక మాత్రమే నలుపు మిగిలినది, మూడూ ఉండవచ్చు.

ఇండియన్ స్కిమ్మర్ కూడా కనిపిస్తుందా?

అదృష్టం ఉంటే. చంబల్ వంటి ఉత్తరాది నదుల తిప్పల మీద వేసవిలో పిల్లలను పెంచి, వరదకు తిప్పలు మునిగాక తీరాలకు వచ్చే పక్షి ఇది; కాకినాడ దానికి ముఖ్యమైన విడిది. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవుగా ఉంటుంది, దానితో నీటి ఉపరితలాన్ని కోసుకుంటూ ఎగురుతుంది. చలికాలంలో చూసే అవకాశం ఎక్కువ. ఇదీ అపాయంలో ఉన్న జాతే కనుక, గుంపు కూర్చొని ఉంటే దగ్గరకు అసలు వెళ్లకండి.

## ఇంటికి వచ్చాక, రాలేని వారికి

వందల పక్షుల గుంపును ఎలా లెక్కపెట్టాలి?

ముందు పదింటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, అవి కంటికి ఎంత చోటు తీసుకుంటున్నాయో గుర్తుంచుకోండి. ఆ పది ముద్దను గుంపు మీద పేర్చుకుంటూ పోతే వంద ఎంతో తెలుస్తుంది. గుంపు దిగిన వెంటనే చెప్పే అంకె సాధారణంగా అసలు కంటే తక్కువగా ఉంటుంది, అందుకే రెండోసారి ఎదుటి కొస నుంచి లెక్కపెట్టండి.

పేరు తేల్చలేని పక్షిని ఈబర్డ్‌లో (చూసిన పక్షుల జాబితాలు నమోదు చేసే వెబ్‌సైటులో) ఏమని రాయాలి?

తేలనట్టే రాయాలి. "చిన్న శాండ్‌పైపర్, జాతి తెలియదు" అనే రకం ఎంపికలు జాబితాలోనే ఉంటాయి. ఊహించి రాసిన అరుదైన పేరు కంటే నిజాయతీగా వదిలేసిన ఖాళీ ఆ తరువాత చదివేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఒక పిట్ట కాలికి రంగు జెండా, ఉంగరం కనిపించాయి. ఎవరికి చెప్పాలి?

వలస దారి తెలుసుకోవడానికి పట్టి, గుర్తు వేసి, వదిలిన పక్షి అది. జెండా రంగు ఎక్కడ వేశారో చెబుతుంది. ఏ కాలికి ఉంది, మోకాలి కీలులా కనిపించే మలుపుకు పైనా కిందా, రెండు జెండాలుంటే ఏది మీద ఉంది, అక్షరాలు ఏమిటి అన్నవి అక్కడే రాసుకోండి. ఫొటో మసకగా వచ్చినా తీసిపెట్టండి. మన దేశంలో ఈ పనిని చాలాకాలంగా చేస్తున్నది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ. వివరాలు వారికి పంపితే ఎక్కడ, ఎప్పుడు గుర్తు వేశారో తెలుస్తుంది.

హైదరాబాదులో ఉంటాం, సముద్రం అందుబాటులో లేదు. మాకేం లేదా?

ఉంది. ఉడ్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్, కామన్ శాండ్‌పైపర్ ఆగస్టులోనే లోపలి చెరువులకు వస్తాయి. అమీన్‌పూర్ చెరువు, మంజీరా ప్రాంతం చూడండి. నీటి మీద విస్కర్డ్ టెర్న్‌లు, రివర్ టెర్న్‌లు తిరుగుతుంటాయి. వానలు బాగా పడిన ఏడు చెరువులు నిండి ఒడ్డు బురద మునిగిపోతుంది, అప్పుడు నాట్లు వేసిన వరి మళ్లలో వెతకాలి. న్యూజెర్సీ, న్యూయార్క్ వైపు ఉన్న తెలుగువారికి ఇదే ఆగస్టులో జమైకా బే శరణాలయంలోని ఈస్ట్ పాండ్ ఒడ్డున అమెరికా ఖండపు తీరపక్షులు దగ్గరగా కనిపిస్తాయి.

తీరాన పారేసిన వలలో చిక్కిన పిట్ట కనిపిస్తే ఏం చేయాలి?

ముందు పక్షి తల మీద పలుచని గుడ్డ కప్పండి, చీకటిలో అది కొట్టుకోవడం ఆపుతుంది. రెక్కలు ఒంటికి ఆనించి అరచేతిలో వదులుగా పట్టుకొని, వల దారాన్ని చిన్న కత్తెరతో కోయండి. పక్షిని పట్టుకొని లాగవద్దు, నైలాన్ దారం చర్మంలోకి దిగుతుంది. నీళ్లు నోట్లో పోయవద్దు. కాళ్లు, రెక్కలు బాగుంటే కుక్కలు లేని చోట, నీడలో నేల మీద పెట్టి దూరంగా జరగండి. పది నిమిషాలలో అదే లేచి వెళుతుంది. రెక్క వేలాడుతుంటే గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచి అటవీశాఖ వారికి అప్పగించాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని ఇంట్లో ఉంచుకోకూడదు. కోసిన వల ముక్కలను సంచిలో వేసుకొని ఊళ్లోకి తెచ్చేయండి, అక్కడ వదిలితే తరువాతి పోటుకు మళ్లీ బురద మీదికే చేరుతాయి.